తమ్ముడికి బైపోలార్ ఉందని పెళ్లివాళ్లకు చెప్పాలా, వద్దా?

ప్రశ్న:

పేరు, ఊరు రాయొద్దని కోరిన ఒక అక్క పంపిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, అందుకే ముఖ్యమైన సంగతులు నా మాటల్లో ఇస్తున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. పెళ్లయి హైదరాబాద్‌లో ఉంటున్నారు, ఆరేళ్ల పాప ఉంది. అమ్మానాన్నలది గుంటూరు వైపు ఒక చిన్న టౌను. నాన్న రిటైరైన టీచరు, కొద్దిగా మిర్చి పొలం కూడా ఉంది. తమ్ముడికి 28. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో రెండు నెలలపాటు హాస్టల్ గది దాటి బయటికి రాలేదు. స్నానం లేదు, తిండి అంతంతమాత్రం, పరీక్షలు రాయలేదు. ఎవరో అమ్మాయి వ్యవహారమై ఉంటుందని అందరూ అనుకున్నారు. ఊళ్లో డాక్టర్ డిప్రెషన్ అని ఏవో మాత్రలు రాశారు, కొన్నాళ్లకు తేరుకున్నాడు, ఉద్యోగం వచ్చింది, ఆ సంగతి అందరూ మర్చిపోయారు.

రెండేళ్ల క్రితం వేసవిలో వ్యవహారం ఇంకోలా మొదలైంది. రాత్రి రెండింటికి ఫోన్ చేసి, "అక్కా, నాకో ఐడియా వచ్చింది, మన జీవితాలే మారిపోతాయి" అని గంటల తరబడి మాట్లాడేవాడు. నిద్ర రెండు గంటలకు పడిపోయింది, అయినా అలుపు లేదు. పర్సనల్ లోను, క్రెడిట్ కార్డులు, లోన్ యాప్‌లు అన్నీ కలిపి అప్పు ఆరు లక్షలు దాటింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి కొత్త ఫోన్ కొనిచ్చాడు. అర్ధరాత్రి మేనేజర్‌కి బూతులతో మెయిల్ పెట్టి రాజీనామా చేశాడు. ఇంటికి తీసుకొస్తే నాన్న మీద చెయ్యి చేసుకున్నాడు. ముందు తాయెత్తు కట్టించారు, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లారు. 18 రోజులు ఉంచుకుని బైపోలార్ అని చెప్పి, లిథియంతో పాటు ఇంకో మాత్ర మొదలుపెట్టారు.

ఏడాదికి పైగా బాగున్నాడు. కొత్త ఉద్యోగం, ఇంటి నుంచే పని. ఐదు నెలల క్రితం, "చేతులు వణుకుతున్నాయి, తొమ్మిది కిలోలు పెరిగాను, బుర్ర మొద్దుబారిపోయింది" అని మాత్రలు మానేశాడు. అప్పటి నుంచి అమ్మ ఆ మాత్రల్ని పొడి చేసి పెరుగన్నంలో కలిపి పెడుతోంది. అతనికి తెలియదు. ఇప్పుడు ఏలూరు సంబంధం కుదిరింది, అమ్మాయి బ్యాంకు ఉద్యోగి. మాఘంలో పెళ్లి, అంతకంటే ముందే తాంబూలాలు. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అని నాన్న. "నువ్వు నోరు విప్పావంటే ఈ గడప తొక్కొద్దు" అని అమ్మ. పెళ్లివాళ్లకు చెప్పాలా, వద్దా? మాత్రలు ఎలా వేయించాలి? "వాడు గట్టిగా నవ్వినా నాకు గుండెదడే, వాడితో ఎలా ఉండాలో తెలియట్లేదు" అంటున్నారు. చివర్లో చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న: మా పాపకి కూడా వస్తుందా?

సమాధానం:

మీ ఉత్తరంలో అమ్మ ఏమంటున్నారో ఉంది, నాన్న ఏమంటున్నారో ఉంది, మీ ఆయన అభిప్రాయం ఉంది, తాయెత్తు కట్టినాయన చెప్పిన కారణం కూడా ఉంది (దిష్టి అట). మీ తమ్ముడు ఏమంటున్నాడని వెతికితే దొరికింది ఒక్క వాక్యం. చేతులు వణుకుతున్నాయి, బరువు పెరిగాను, బుర్ర మొద్దుబారింది, అంతే. పెళ్లి అతనిది, జబ్బు అతనిది, మాత్ర మింగాల్సింది అతను, కానీ వీటి గురించి ఇంట్లో అందరూ అతనితో తప్ప అందరితో మాట్లాడుకుంటున్నారు. మీరడిగిన వాటన్నిటికీ నా జవాబు ఇక్కడే మొదలవుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: ఏం చేసినా అతను నెమ్మదిగా ఉన్న ఈ రోజుల్లోనే, అతన్ని కూర్చోబెట్టుకుని, అతనితో కలిసే చేయండి. జబ్బు తిరగబెట్టాక చెబుదామంటే అప్పుడు వినే స్థితిలో అతను ఉండడు.

ముందు జబ్బు సంగతి కాస్త విడమరిచి చెబుతాను. కాలేజీ రోజుల్ని ఒక కథగా, రెండేళ్ల క్రితం వేసవిని ఇంకో కథగా మీరు రాశారు. అవి ఒకే జబ్బుకి రెండు వైపులు. పొద్దున చిరాకు, సాయంత్రం హుషారు అనే రకం మూడ్ మార్పులు అందరికీ ఉంటాయి, దాన్ని బైపోలార్ అనరు. ఇందులో దశలు వారాలు, నెలలు నడుస్తాయి. కింది దశ డిప్రెషన్, మీరు హాస్టల్ గదిలో చూసింది అదే. పై దశ మేనియా: నిద్ర లేకపోయినా అలుపు లేకపోవడం, మాటలకి బ్రేకు లేకపోవడం, తనకు సాధ్యం కానిది లేదనిపించడం, డబ్బు లెక్కాజమా లేకుండా ఖర్చు పెట్టడం. మధ్యలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు మామూలుగా గడిచిపోతాయి, అందుకే "బానే ఉన్నాడుగా" అనిపిస్తుంది. చాలామందికి ఇరవై అటూ ఇటూ వయసులో మొదట డిప్రెషన్ రూపంలోనే కనిపిస్తుంది, మేనియా వచ్చేదాకా బైపోలార్ అని తేలదు, కాబట్టి ఆనాటి ఊరి డాక్టర్‌ని తప్పుపట్టడానికి లేదు. అయితే ఆ కాలేజీ సంగతి ఇప్పటి సైకియాట్రిస్టుకి మీరెవరైనా చెప్పారా? డిప్రెషన్ మాత్రలు ఒక్కటే వాడితే బైపోలార్ ఉన్నవాళ్లలో కొందరికి మేనియా ఎగదన్నుతుంది. రేపెప్పుడైనా పిల్లాడు డల్‌గా ఉన్నాడని మీ నాన్నగారు పాత చీటీ పట్టుకెళ్లి మెడికల్ షాపులో అవే మాత్రలు తెస్తారేమోనని నా భయం. ఆ చీటీ ఇంకా బీరువాలో ఉంటే డాక్టర్‌కి చూపించి తర్వాత చింపేయండి.

"మా వంశంలో ఎవరికీ లేదు, మాకే ఎందుకొచ్చింది" అని కూడా రాశారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వచ్చినవాళ్లు 0.5 శాతం, అంటే రెండు వందల మందిలో ఒకరు. మీ అమ్మగారి వీధిలోనే ఇంకొకరు ఉండొచ్చు, వాళ్లూ మీలాగే తలుపులు వేసుకుని ఉంటారు. వంశంలో లేదంటే బహుశా ఎవరూ పేరు పెట్టలేదేమో. ప్రతి పాత కుటుంబంలోనూ పొలం అమ్మేసి ఆ డబ్బు పంచిపెట్టిన తాతో, ఏడాదికోసారి మంచం పట్టే అత్తయ్యో ఉండనే ఉంటారు.

మేనియాలో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లకు అస్సలు మింగుడుపడని సంగతి, అతనికి తన జబ్బు తనకు కనపడకపోవడం. ఎంత చెప్పినా వినలేదంటే మొండితనం వల్ల అనుకోకండి, ఆ గుర్తింపు పోవడం కూడా జబ్బులో భాగమే. మరి దిగాక? అప్పుడు అన్నీ గుర్తొస్తాయి. నాన్న మీద చెయ్యి ఎత్తడం, ఆ మెయిలు, రికవరీ ఏజెంట్లు చుట్టాలకు చేసిన ఫోన్లు. ఆ రోజుల గురించి అతనితో ఒక్కసారైనా ఎవరైనా, తిట్టకుండా, మాట్లాడారా? మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఆ టాపిక్ ఎత్తకపోవడమే మర్యాద అని ఇల్లంతా అనుకుంటున్నట్టుంది.

ఇక పెరుగన్నం. రోకలి కింద మాత్ర నలగ్గొట్టి, ఆ తెల్లపొడి చేదు తెలియకుండా అల్లం, మిరపకాయ పోపు దండిగా పెట్టి, కొడుకు ఆఖరి ముద్ద తినేదాకా ఎదురుగా కూర్చునే తల్లిని తిట్టడానికి నాకు నోరు రాదు. ఆవిడ భయం నిజమైనది, ఆ వేసవి ఆవిడ కళ్లతో చూశారు. కానీ ఆవిడ చేస్తున్న పని ఎంత ప్రమాదమో ఆవిడకు తెలియదు, మీకైనా తెలియాలి.

లిథియంకి పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. అందుకే రక్తపరీక్ష చేసి దాని లెవెల్ చూస్తారు, చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీస్తారు, మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండేలా చూసుకుంటారు. ఐదారు నెలలకోసారి థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా. ఇప్పుడు మీ తమ్ముడికి మాత్ర పడుతోందనే తెలియదు కాబట్టి ఈ పరీక్షలేవీ జరగడం లేదు. మాత్ర మీద ఎస్ఆర్ అని ఉంటే అది నెమ్మదిగా కరగాల్సిన రకం, పొడి చేస్తే మందంతా ఒక్కసారి ఒంట్లోకి దిగుతుంది. బయట బిర్యానీ తిన్న రోజు మాత్ర లేదు, ఇంట్లో రెండుసార్లు పెరుగన్నం తిన్న రోజు ఎంత పడిందో దేవుడికే తెలియాలి. ఇంకా ఘోరం ఏంటంటే, తలనొప్పి వస్తే అతను మామూలుగానే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర వేసుకుంటాడు, అవి లిథియంని రక్తంలో పెంచేస్తాయి. బరువు తగ్గాలని ఉప్పు మానేసినా, గుంటూరు ఎండలో జిమ్ చేసి ఒళ్లు ఎండిపోయినా, విరేచనాలు పట్టుకున్నా అంతే. లిథియం వాడేవాళ్లకు ఈ జాగ్రత్తలన్నీ డాక్టర్ చెప్తారు. తను వాడటం లేదనుకునే మనిషికి ఎవరు చెప్తారు? చెయ్యి బాగా కుదుపుగా వణకడం, వాంతులు, నడకలో తూలు, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తీసుకెళ్లి లిథియం అనే మాట అక్కడ చెప్పి తీరాలి.

ఇంకొకటి కూడా చూడండి. అతని లెక్కలో అతను ఐదు నెలలుగా ఏ మాత్రా లేకుండా బాగున్నాడు. "నాకు జబ్బు లేదు, ఒకసారి ఏదో అయింది, పోయింది" అని నమ్మడానికి అంతకంటే రుజువేం కావాలి? ఆ రుజువు తయారుచేసి పెడుతున్నది మీ అమ్మగారే. పెళ్లయ్యాక ఈ పొడి ఎవరు కలుపుతారు? కోడలికి నేర్పిస్తారా?

అలాగని ఇవాళ ఫోన్ చేసి "అమ్మా, ఆపేయ్" అనకండి. లిథియం ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం బాగా ఎక్కువ. మీ ముందు మూడు దారులున్నాయి, మూడిట్లోనూ ఎంతో కొంత నష్టం ఉంది. ఇలాగే సాగనివ్వడం ఒకటి: ఇంట్లో గొడవ ఉండదు, కానీ ఏదో ఒక రోజు బయటపడుతుంది, అప్పుడు మాత్రతో పాటు ఇంటి అన్నం కూడా మానేస్తాడు. పైగా మేనియాలో చాలామందికి అనుమానాలు పుడతాయి, "నా తిండిలో ఏదో కలుపుతున్నారు" అన్న అనుమానం ఈ ఇంట్లో నిజం కూడా అవుతుంది, ఇక ఎవరు ఎలా సర్దిచెప్తారు? రెండోది, మీరే అతనికి చెప్పేయడం. నిజాయితీగా ఉంటుంది, కానీ అమ్మాకొడుకుల మధ్య మీరు మంట పెట్టినట్టవుతుంది, అతను ఆ కోపంలో డాక్టర్ గడప కూడా తొక్కనంటాడు. మూడోది నాకు కాస్త నయమనిపిస్తోంది: ముందు మీరూ అమ్మా వెళ్లి సైకియాట్రిస్టుని కలిసి, ఏ మాత్ర, ఎంత, ఎప్పటి నుంచి అన్నీ దాచకుండా చెప్పండి. అతని విషయాలు డాక్టర్ మీకు చెప్పకపోవచ్చు, మీరు చెప్పేది వినడానికి అడ్డేం లేదు. ఆ తర్వాత అతన్ని తీసుకెళ్లి, డాక్టర్ గదిలోనే, అమ్మ నోటితోనే ఆ మాట చెప్పించండి. కోప్పడతాడు. కొన్నాళ్లు అమ్మతో మాట్లాడకపోవచ్చు కూడా. అయినా ఆ గదిలో మందులు మార్చగలిగిన మనిషి ఉంటారు, అదే తేడా.

ఎందుకంటే అతని ఫిర్యాదులు మూడూ న్యాయమైనవే. వణుకు లిథియం వల్ల రావడం మామూలు, మోతాదు సరిచేసో, వేసుకునే వేళ మార్చో, ఇంకో మాత్ర జతచేసో తగ్గించే వీలుంది. బరువు పెరగడం లిథియం వల్ల కావచ్చు, ఆ రెండో మాత్ర వల్ల కావచ్చు, దానికి ప్రత్యామ్నాయాలున్నాయి. బుర్ర మొద్దుబారడం మోతాదు వల్లా అవుతుంది, థైరాయిడ్ తగ్గినా అవుతుంది, మిగిలిపోయిన డిప్రెషన్ వల్లా అవుతుంది, చూస్తే గానీ తెలియదు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే కుర్రాడికి బుర్ర మొద్దుబారిందంటే అది ఉద్యోగం పోతుందన్న భయం. "మాత్రలు వేసుకో, వేసుకో" అని చెప్పినవాళ్లే గానీ ఈ మూడింటినీ కాగితం మీద రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్దాం పద అన్నవాళ్లు లేరు. ఆ పని మీరు చేయండి. లిథియం 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ ఈ జబ్బులో వాడి చూపించినప్పటి నుంచి వస్తున్న పాత మందు, ఇప్పటికీ దీనికి మొదటి వరసలో ఉంది, ఆత్మహత్యల్ని తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్న మందు కూడా. అయినా అదొక్కటే దిక్కు అనుకోనక్కర్లేదు, వేరేవీ ఉన్నాయి. ఏది వాడాలన్నది ఉత్తరం చదివి చెప్పే విషయం కాదు, అతను, డాక్టర్ కలిసి తేల్చుకోవాలి. తాయెత్తు గురించి మాత్రం అమ్మతో పోట్లాడకండి, మాత్ర ఆపమనకుండా ఉన్నంతకాలం మొలకి తాయెత్తు ఉంటే ఎవరికీ నష్టం లేదు.

డాక్టర్ దగ్గర కుదురుకున్నాక, అంటే కోపాలు కొంచెం చల్లారాక, అక్కాతమ్ముళ్లు ఇద్దరే కూర్చుని కొన్ని రాసుకోండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అతను తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఎంచుకోవచ్చు, మళ్లీ తీవ్రంగా వస్తే తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు. "ఆ ఆసుపత్రి వద్దు, ఈ మాత్రకి నాకు పడలేదు, ఆఫీసుకి అక్క చెప్పాలి, పెదనాన్నకి చెప్పొద్దు" ఇలాంటివే. అతను తన నిర్ణయం తను తీసుకోలేని స్థితిలో ఉంటే, ఆ ప్రతినిధి దరఖాస్తు మీద, డాక్టర్లు పరీక్షించాక, 30 రోజుల వరకు చేర్చుకునే వీలు ఆ చట్టంలో ఉంది. కిందటిసారి నలుగురు మగవాళ్లు పట్టుకుని కారులో కుక్కి తీసుకెళ్లారని రాశారు కదా, ఈసారి ఆ పరిస్థితి రాకుండా ఉండాలంటే ఈ కాగితం ఇప్పుడే ఉండాలి.

డబ్బు సంగతి కూడా అందులోనే. యూపీఐకి రోజువారీ లిమిట్ తగ్గించుకోవడం, క్రెడిట్ కార్డు ఒక్కటే ఉంచుకోవడం, "మూడు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదని అనిపిస్తే నా కార్డు నీకిచ్చేస్తా అక్కా" అన్న ఒప్పందం. అతను ఒప్పుకుంటేనే సుమా. అతని ఫోన్ మీరు రహస్యంగా చూడటం మొదలుపెడితే అది కూడా పెరుగన్నం లాంటిదే అవుతుంది.

ఆ నవ్వు సంగతికి వస్తాను. తమ్ముడు క్రికెట్ చూస్తూ అరిచినా, కొత్త బూట్లు కొన్నా మీకు టెన్షన్ వస్తోంది, అతను "నేను సంతోషంగా ఉన్నా తప్పేనా" అని విసుక్కున్నాడు. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. దీనికి మందు ఏమిటంటే, అతని జబ్బు ముందుగా ఎలా మొదలవుతుందో అతన్నే అడిగి తెలుసుకోవడం. ఒక్కొక్కరికీ ఒక్కో వరస ఉంటుంది. మీ తమ్ముడికి నిద్ర తగ్గడం, అర్ధరాత్రి ఫోన్లు, "ఐడియా" అన్న మాట, దానధర్మాలు. ఆ నాలుగింట్లో రెండు కలిసి రెండు మూడు రోజులు కనిపిస్తే డాక్టర్‌కి ఫోన్ చేయాలి అని ఇద్దరూ అనుకోండి. మిగిలిన నవ్వులన్నీ నవ్వులే, వదిలేయండి. అన్నిట్లోకీ నిద్ర ముఖ్యం. నిద్ర తగ్గడం గుర్తు మాత్రమే కాదు, చాలామందికి అదే మేనియాని లాక్కొచ్చే కారణం కూడా.

ఒకవేళ పైకి ఎక్కేశాడంటే వాదించకండి. "నీకు పిచ్చెక్కింది" అన్న మాటతో ఏ డాక్టర్ దగ్గరికీ ఎవరూ రారు. టీవీ ఆపి, చుట్టాల్ని పంపేసి, ఒకరే, తక్కువ మాటలతో, "నాలుగు రోజులుగా నిద్రలేదు కదరా, నిద్రకి ఏమైనా ఇస్తారేమో కనుక్కుందాం" అనండి, దానికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. చెయ్యి చేసుకునేదాకా వస్తే అక్కడ ధైర్యం చూపించక్కర్లేదు, మీ నాన్నగారిని పక్కకి తప్పించి, సాయం పిలవండి. కిందికి పడితే మాత్రం సలహాలు తగ్గించండి. "లేచి వాకింగ్‌కి వెళ్లు" అని పదిసార్లు అనేకంటే ఒక కాఫీ పట్టుకెళ్లి ఆ గదిలో కాసేపు ఊరికే కూర్చోవడం మేలు. మేనియా దిగి అప్పులూ అవమానాలూ కళ్ల ముందుకొచ్చే ఆ నెలలే ఎక్కువ ప్రమాదం. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, పైగా ఎవరో ఒకరు అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. మీది మిర్చి పొలం, పురుగుమందు డబ్బాలు ఇంటి వెనక గదిలో ఉంటే ఇవాళే అక్కడి నుంచి తీయించి తాళం ఉన్న చోట, ఊరికి దూరంగా పెట్టించండి, ఈ ఒక్క విషయంలో ఎవరితోనూ చర్చ పెట్టకండి. 14416 టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉంటుంది. మీకు భయమేసినప్పుడు మీరూ చేయొచ్చు, పేషెంటే చేయాలని లేదు.

ఇప్పుడు పెళ్లి. "పెళ్లయితే సర్దుకుంటుంది" అన్న నాన్నగారి మాట తీసేద్దాం. పెళ్లి మందు కాదు. అయితే "వాడికి పెళ్లే వద్దు" అన్న మీ ఆయన మాట కూడా నేను ఒప్పుకోను. మాత్రలు సరిగ్గా వాడుతూ, నిద్ర కాపాడుకుంటూ, భార్యాపిల్లలతో మామూలుగా బతుకుతున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు, వాళ్ల పక్కింటివాళ్లకు కూడా ఆ సంగతి తెలియదు. అడ్డమంతా దాచడంతోనే వస్తోంది.

దాచి చేస్తే ఏమవుతుందో చూడండి. మన పెళ్లి ఎలా జరుగుతుంది? తెల్లవారుజామున ముహూర్తం, ముందు రోజంతా ఉపవాసం, రెండు మూడు రాత్రులు నిద్ర లేదు, ఇంటి నిండా జనం, మేళాలు, ఆ తర్వాత వ్రతం, రిసెప్షన్. బైపోలార్ ఉన్న మనిషికి, అందులోనూ ఎంత మాత్ర పడుతోందో తెలియని మనిషికి, జబ్బు తిరగబెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? అత్తారింట్లో మొదటి వారంలోనే అది బయటపడితే, ఆ అమ్మాయికి ఆ జబ్బు పేరు కూడా తెలియదు. తెలిసిన రోజున ఆమె అడిగే మొదటి ప్రశ్న "మీ అక్కకి తెలుసా" అనే. చట్టం సంగతి కూడా: హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం అవతలి మనిషికి సంబంధించిన ముఖ్యమైన వాస్తవాన్ని మోసంతో దాచి సమ్మతి తీసుకుంటే, ఆ సంగతి తెలిసిన ఏడాదిలోగా వివాహం రద్దు కోరవచ్చు. జబ్బు ఉన్నంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు, మీ తమ్ముడికి పెళ్లి చేసుకునే హక్కు ఉంది. దాచారన్న పాయింటు మీదే ఇళ్లు కోర్టుకెక్కుతాయి.

మరి మీరే ఏలూరుకి ఫోన్ చేసి చెప్పేస్తే? ఆ అమ్మాయికి న్యాయం జరుగుతుంది, కాదనను. కానీ అతని వైద్య రహస్యాన్ని అతని వెనక బయటపెట్టినట్టే, ఆ తర్వాత జబ్బు తిరగబెడితే అతను ఫోన్ చేసే నంబరు మీది కాదు. సంబంధం పోతే "మా అక్కే చెడగొట్టింది" అన్న మాట జీవితాంతం ఉంటుంది. అమ్మానాన్నల చేత చెప్పిస్తే "కొంచెం టెన్షన్ ఎక్కువ, నిద్రకి ఏదో మాత్ర" అని చెప్తారు, ఇది చెప్పినట్టూ కాదు, దాచినట్టూ కాదు, అందరికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఇదే.

నేనైతే అతని చేత చెప్పించే దారి వెతుకుతాను. అందుకే ముందు మాత్రల సంగతి తేలాలి, తనకు జబ్బు లేదనుకునే మనిషి ఏం చెప్తాడు? డాక్టర్ గదిలో ఆ పెరుగన్నం సంగతి బయటపడ్డాక, కొన్ని వారాలు గడిచాక, "నువ్వే ఆ అమ్మాయితో మాట్లాడు, కావాలంటే నేను పక్కన ఉంటా" అనండి. తాంబూలాలకు ముందే, చుట్టాల మధ్య కాకుండా, వాళ్లిద్దరి మధ్య. జబ్బు పేరు, ఆసుపత్రిలో ఉన్న 18 రోజులు, రోజూ వేసుకోవాల్సిన మాత్రలు, మిగిలిన అప్పు ఎంతో, అన్నీ. డాక్టర్‌ని కలిసి ఆమె తన ప్రశ్నలు అడగొచ్చు అని కూడా చెప్పాలి. ఆమె వద్దనొచ్చు. అది అతనికి పెద్ద దెబ్బే, ఆ వారాల్లో మీరు దగ్గరుండాలి. ఆమె ఆలోచించుకుని సరేననొచ్చు కూడా, అలా జరిగిన పెళ్లిళ్లు ఉన్నాయి. అలాగైతే పంతులుగారిని పగటి ముహూర్తం అడగండి, ఉంటుంది.

వీటన్నిటికీ మాఘం దాకా టైం సరిపోదనిపిస్తే, నాకూ సరిపోదనే అనిపిస్తోంది, వాయిదా అడగొచ్చు. "అబ్బాయి ఆరోగ్యం బాగాలేదు, కొన్ని నెలలు ఆగుదాం" అన్నది అబద్ధం కాదు. వాళ్లు ఆగకపోవచ్చు, ఈ సంబంధం తప్పిపోవచ్చు, మీ అమ్మగారికి అదే లోకం తలకిందులైనంత పని. ఒకవేళ అతను చెప్పనన్నాడు, అమ్మానాన్నలు వాయిదాకీ ఒప్పుకోలేదు అనుకోండి. అప్పుడు మీరు ఏలూరు వెళ్లి చెప్పాలో వద్దో మీ మనసు ఒప్పుకున్నదాన్ని బట్టి. కానీ కనీసం ఇంట్లో అందరికీ ముందే చెప్పేయండి: "నేనుగా వెళ్లి చెప్పను, వాళ్లు నన్ను అడిగితే మాత్రం అబద్ధం చెప్పను." బ్యాంకులో పనిచేసే అమ్మాయి తరఫువాళ్లు ఆడపడుచుని అడగకుండా ఉంటారా? ఆ మాట విన్నాక అమ్మానాన్నలు మళ్లీ ఆలోచించే అవకాశం ఉంది. గడప తొక్కొద్దన్న మాట అమ్మ భయంలో అన్నారు. జబ్బు తిరగబెట్టిన రాత్రి ఆవిడ మొదట ఫోన్ చేసేది మీకే, కిందటిసారీ మీకే కదా చేశారు.

పాప సంగతి. తల్లిదండ్రుల్లో ఒకరికో, తోడబుట్టినవాళ్లకో ఈ జబ్బు ఉంటే వచ్చే అవకాశం కొంచెం ఎక్కువే, సుమారు ఐదు నుంచి పది శాతం అంటారు, అంటే అప్పుడు కూడా నూటికి తొంభై మందికి రాదు. పాపకి అతను మేనమామ, కాబట్టి ఆమె విషయంలో ఆ అవకాశం అంతకంటే తక్కువ. ముందుగా చేయించే పరీక్షంటూ ఏదీ లేదు, ఎవరైనా ఉందని డబ్బులడిగితే ఇవ్వకండి. పాప పెద్దదయ్యాక, పదిహేను పదహారేళ్లప్పుడు, వారాల తరబడి నిద్రా మూడూ తేడాగా ఉంటే "వయసు అలాంటిది" అనుకోకుండా డాక్టర్‌కి చూపించి, మేనమామ సంగతి చెప్పండి, అది చాలు. ఇప్పుడు మామయ్య దగ్గరికి పంపడం మానేశానని రాశారు. అతను బాగున్న రోజుల్లో అలా చేయడానికి కారణం నాకైతే కనపడలేదు. ఈ సెలవులకు పంపండి, మీరూ వెళ్లండి, డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా ఆ వారంలోనే పెట్టుకోండి.